మద్రాస్ డే గురించి మనవాళ్ళు ఏటా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. హైదరాబాద్ నుంచి బాబాయ్ కూతురు, నెల్లూరు నుంచి పెద్దమ్మ, ఇక్కడే వేలచ్చేరిలో పదేళ్ళుగా ఐటీ ఉద్యోగం చేస్తూ సెంట్రల్ స్టేషన్ అవతల ఏముందో చూడని ఫ్రెండ్స్, అందరివీ అవే ప్రశ్నలు. వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోతోంది, అందుకని ఈసారి కూర్చుని రాసేస్తున్నా. మా తాత 1948లో గూడూరు నుంచి వచ్చి పురసవాక్కంలో కాపురం పెట్టాడు, నేను ఇక్కడ మూడో తరం. చరిత్ర చదువుకున్నవాణ్ణేమీ కాను. చుట్టాలని వెంటబెట్టుకుని ఏటా జార్జ్‌టౌన్ సందులు తిరగడంలో తెలిసినవే ఇవన్నీ.

అసలు మద్రాస్ డే అంటే ఏమిటి?

1639 ఆగస్టు 22న సముద్రం ఒడ్డున ఒక ఇసుకపర్రని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చారు. ఆ మరుసటి ఏడు అక్కడ కోట పని మొదలైంది, కోట చుట్టూ ఊరు పెరిగింది. ఆ తేదీని ఊరి పుట్టినరోజుగా 2004 నుంచి జరుపుకుంటున్నారు. ఈ ఊరి చరిత్రని జీవితమంతా తవ్వి రాసిన ఎస్. ముత్తయ్య, పాత్రికేయులు శశి నాయర్, విన్సెంట్ డిసౌజా కలిసి మొదలుపెట్టారు. ముందు ఒక్క రోజు, తర్వాత వారం, ఇప్పుడు దాదాపు నెలంతా. ముత్తయ్యగారు 2019లో పోయారు, అయినా ఆగలేదు.

ఎవరు చేస్తారు? గవర్నమెంటా?

కాదు. ఈ పండగలో నాకు నచ్చేది అదే. పెద్ద కమిటీ, పెద్ద బడ్జెట్, రిబ్బన్ కత్తిరించే మంత్రి, ఇవేవీ తప్పనిసరి కాదు. కొద్దిమంది పూనుకుని ఎక్కడ ఏం జరుగుతోందో జాబితా వేస్తారు, మిగతాదంతా ఎవరికి తోచింది వాళ్ళు చేసుకోవడమే. ఒకరు పాత చర్చి దగ్గర నడక పెడతారు, ఇంకొకరు లైబ్రరీలో ఉపన్యాసం, ఒక హోటల్ పాతకాలపు వంటకాలు, ఒక బడి పోస్టర్ల పోటీ.

నేను చూసినవాటిలో బాగా గుర్తుండిపోయింది మా పక్క వీధి అపార్ట్‌మెంట్‌లో. రిటైరైన ఒక పోస్టల్ ఉద్యోగి కార్ పార్కింగ్‌లో బట్టలారేసే తాడు కట్టి, క్లిప్పులతో తన ఇంటి పాత ఫొటోలు తగిలించాడు. ట్రాము పట్టాలున్న పురసవాక్కం రోడ్డు, బావి దగ్గర వాళ్ళమ్మ, కొత్త సైకిల్ పక్కన బిగుసుకుపోయి నిలబడ్డ ఆయనే. వచ్చింది ముప్ఫై మంది కూడా ఉండరు. అందులో సగంమంది ఫ్యాన్ గాలికి ఫొటోలు ఎగరకుండా పట్టుకునే పనిలోనే ఉన్నారు.

ఇలా ఎవరికివారే చేసుకోవడంలో ఒక చిక్కుంది, చెప్పాలి. ఒక ఏడాది పెద్దమ్మని ఆటోలో వానలో మైలాపూరు తీసుకెళ్తే హాలుకి తాళం. ఉపన్యాసం రద్దయిందట. వాచ్‌మన్ తప్ప చెప్పే దిక్కు లేదు, పేరు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకి ఒక్క మెసేజ్ కూడా లేదు. ఆటోకి పోను రాను పోసిన డబ్బు గురించి పెద్దమ్మ ఇప్పటికీ ఎత్తుతుంది. కాబట్టి బయల్దేరే ముందు ఒక్క ఫోన్ చేసుకోండి.

ఆగస్టు 22 అని అంత కచ్చితంగా ఎలా తెలుసు?

పట్టా తేదీని బట్టి. దానిలోనూ పేచీ ఉంది. మిగిలిన నకళ్ళలో జూలై 22 అని కనిపిస్తుంది. కానీ భూమి కోసం బేరమాడిన ఫ్రాన్సిస్ డే ఇక్కడికి చేరిందే జూలై నెలాఖరుకి. మనిషి రాకముందే పట్టా ఎలా పుడుతుంది? రాసేవాడు నెల తప్పు వేశాడు, ఆగస్టు అయ్యుండాలి అని పండితులు లెక్క సరిచేశారు. ప్రభుత్వ కాగితంలో తేదీ తప్పుపడటం మనకి కొత్తా ఏమన్నానా?

మైలాపూరు, తిరువల్లిక్కేణి ఇంకా పాతవి కదా? మరి ఊరి వయసు 1639 నుంచే అంటే ఎలా?

నిజమే, తమిళ మిత్రులు కూడా దీని మీద ఏటా గొడవ పడతారు, వాళ్ళ మాటలో న్యాయముంది. తిరువల్లిక్కేణి పార్థసారథి గుళ్ళో పల్లవరాజు దంతివర్మ కాలం శాసనం ఉంది. మైలాపూరు పేరు తమిళ శైవభక్తుల తేవారం పాటల్లో ఉంది. పోర్చుగీసువాళ్ళు శాంథోమ్‌లో దిగింది 16వ శతాబ్దంలో. తిరువొత్తియూరు సరేసరి. ఇవన్నీ వేర్వేరు ఊళ్ళు. కోట పుట్టాక ఒక్కొక్కటీ వచ్చి దానికి కలిశాయి, కొన్నిటిని కలుపుకున్నారు.

మా తాతకి స్కూల్ సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూలై 1. అసలు ఎప్పుడు పుట్టాడంటే, పెద్ద గాలివాన వచ్చిన ఏడు అనేవాళ్ళు అంతే. కానీ పింఛను వచ్చింది జూలై 1 లెక్కనే, మేం కేకు కోసిందీ ఆ రోజే. ఆగస్టు 22 కూడా అలాంటి సర్టిఫికెట్ పుట్టినరోజు. ఊరి ప్రాణం అంతకంటే ముందుది, కాదని ఎవరూ అనరు.

బ్రిటిష్‌వాళ్ళు కొట్టు పెట్టుకున్న రోజుని మనం పండగ చేసుకోవడమేమిటి?

ఈ ప్రశ్న నన్ను చాలారోజులు ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు పెట్టట్లేదు, ఎందుకంటే కంపెనీవాడికి ఇక్కడ కావలసింది గుడ్డ. నేత గుడ్డ, అద్దకం గుడ్డ. ఆ గుడ్డ నేసినవాళ్ళు, ఉతికి చలువ చేసినవాళ్ళు, అలల మీద మసూలా పడవల్లో సరుకుని ఓడకి చేర్చినవాళ్ళు, రెండు భాషలూ మాట్లాడి బేరం కుదిర్చిన దుబాషీలు, వీళ్ళు లేకపోతే కోటలో ఉన్నవాళ్ళకి పనే లేదు. చింతాద్రిపేట అంటే చిన్న తరి పేట, చిన్న మగ్గాల పేట. 1730లలో నేతగాళ్ళ కోసమే కట్టిన ఊరది. వన్నారపేట, అదే వాషర్‌మన్‌పేట, గుడ్డ చలువచేసేవాళ్ళది. నడకలో గవర్నర్ల పేర్లు వల్లించే గైడ్ దొరికితే, ఈ పేటల గురించి మీరే అడగండి. కొందరికి తెలీదు, నీళ్ళు నములుతారు.

మన తెలుగువాళ్ళకి దీంతో ఏం సంబంధం?

సంబంధమా! ఆ పట్టా ఇచ్చిందే మనవాళ్ళు. వందవాసిలో ఉండి ఈ తీరాన్ని ఏలిన దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో ఉండేవాడు. కాళహస్తి దామర్లవారు. వాళ్ళ పైన చంద్రగిరి కేంద్రంగా చివరి రోజుల విజయనగరం. ఇటు కంపెనీవాళ్ళు కూడా తెలుగు తీరం నుంచే వచ్చారు. 1611లో మచిలీపట్నంలో దిగారు, తర్వాత పులికాట్‌కి పైన దుగరాజపట్నంలో ఒక స్థావరం పెట్టుకున్నారు, ఫ్రాన్సిస్ డే అక్కడి అధికారే. అక్కడ వ్యాపారం సరిగా సాగక దక్షిణాన ఇంకో చోటు వెతుక్కుంటూ వచ్చాడు. పై అధికారి ఆండ్రూ కోగన్ మచిలీపట్నంలో ఉండేవాడు. మధ్యలో మాట కలిపిన దుబాషీ బేరి తిమ్మప్ప. అంటే ఈ ఊరి మొదటి బేరం చాలావరకు తెలుగులోనే నడిచుంటుందని నా ఊహ. ఊహే, పందెం కాయను.

ఆ తర్వాతి కథ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది, కొన్నే చెప్తా. 1812లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో దొరలకి తెలుగు నేర్పేవాళ్ళు, సి.పి. బ్రౌన్ అక్కడే ఓనమాలు దిద్దాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వీటిది వేరే కుటుంబం అని కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ 1816లో రాసింది ఎక్కడనుకున్నారు? క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో! భాషాశాస్త్రంలో అంత పెద్ద మాట ఒక తెలుగు వ్యాకరణం మొదటి పేజీల్లో కూర్చుని ఉంది. టి.నగర్‌లో 'టి' అంటే జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి. చీరల షాపింగ్ అయ్యాక మీరు కాళ్ళు చాపుకుని కూర్చునే పానగల్ పార్క్, మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా పేరున ఉంది. మైలాపూరు నాగేశ్వరరావు పార్క్ మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది, అదే అమృతాంజనం, ఆంధ్రపత్రిక. ఇక బకింగ్‌హామ్ కాలువ. ఇప్పుడు ముక్కు మూసుకుని దాటుతున్నాం గానీ, ఒకప్పుడు కోస్తా నుంచి బియ్యం, కట్టెలు, ఉప్పు పడవల్లో ఈ ఊరికి వచ్చింది దాంట్లోనే.

అయితే 'చెన్నై' తెలుగు పేరేనా?

చెన్నపట్నం అన్నది వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరున వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. చెన్నకేశవుడి గుడి వల్ల వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. 'మద్రాస్' ఎలా వచ్చిందో మాత్రం పదిమందిని అడిగితే పదకొండు కథలు చెప్తారు, అందులో దూరకండి. 1996లో అధికారికంగా చెన్నై అయింది. మా ఇంట్లో ఇంకా మద్రాసే.

అంటే మళ్ళీ 'మద్రాసు మనదే' అంటున్నారా?

లేదండీ బాబూ. ఇది సరదాగా అడిగేవాళ్ళుంటారు, కోపంగా అడిగేవాళ్ళూ ఉంటారు. నా జవాబు ఇద్దరికీ ఒకటే.

మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద 126 నంబరు ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబర్ 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. అది బులుసు సాంబమూర్తిగారి ఇల్లు, ఇప్పుడక్కడ స్మారక భవనం ఉంది. తర్వాత నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది, మద్రాసు ఇటే ఉండిపోయింది. మా తాత అప్పుడు కొత్వాల్ చావడి దగ్గర బియ్యం మండీలో గుమాస్తా. మర్నాడు మండీ మూసేసి అందరూ అంతిమయాత్ర వెనక నడిచారట. "చెప్పులు తెగితే చేత్తో పట్టుకుని నడిచాం" అనేవాడు. అంతకుమించి ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. రాష్ట్రం వచ్చాక చుట్టాలు కొందరు నెల్లూరు తిరిగి వెళ్ళిపోయారు, ఈయన వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నాన్న అడిగితే, "మండీ ఇక్కడుంది కదరా" అన్నాడు.

చుట్టాలొస్తే ఆ భవనం దగ్గర ఆపుతాను. ఐదు నిమిషాలు చాలు. ఎవరిది ఎవరిదని వాదించడానికి మాత్రం ఆపను.

మొదటిసారి వస్తున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉన్నది ఒక్క పూటే అయితే కళ్ళు మూసుకుని జార్జ్‌టౌన్. పొద్దున్న ఆరున్నరకల్లా హైకోర్టు మెట్రో స్టేషన్‌లో దిగండి. తొమ్మిది దాటితే మూటలు మోసే ట్రైసైకిళ్ళ మధ్య మీరు నడవడమే ఉండదు, ముందుకి నెట్టబడటమే.

ముందు ప్యారిస్ కార్నర్. డేర్ హౌస్ దగ్గర ఒక రాతి స్తంభం ఉంటుంది, రోజూ వేలమంది దాటిపోతారు, ఒక్కరూ తలెత్తి చూడరు. దాని కథ వింటే మీరు చూస్తారు. 1746లో ఫ్రెంచివాళ్ళు కోటని పట్టుకుని మూడేళ్ళు ఉంచుకున్నారు. తిరిగి చేతికొచ్చాక, కోట గోడకి ఆనుకుని నల్లవాళ్ళ ఊరు ఉండటం ప్రమాదమని ఇంగ్లీషువాళ్ళు ఆ పేటని నేలమట్టం చేశారు. ఫిరంగి గుళ్ళకి అడ్డు లేకుండా మైదానం కావాలి మరి. ఇక్కణ్ణించి కోట వరకూ ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో ఆరు హద్దురాళ్ళు పాతారు. వాటిలో మిగిలింది ఇదొక్కటే. ఆ ఖాళీ స్థలంలోనే తర్వాత హైకోర్టు లేచింది, 1892లో.

అలా కూల్చినవాటిలో ఊరి పెద్దగుడి ఒకటి. దాన్ని వెతుక్కుంటూ దేవరాజ మొదలి వీధికి నడవండి. చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరుడు, పక్కపక్కనే రెండు గుళ్ళు. పాత గుడి పోయాక 1760లలో కంపెనీ ఇచ్చిన స్థలంలో, మణలి ముత్తుకృష్ణ మొదలియార్ పూనికతో మళ్ళీ కట్టినవి. అక్కడివాళ్ళు పట్టణం కోవిల్ అంటారు. నాకు ఇష్టమైన చోటు ఇదే. బయట అంగళ్ళ షట్టర్లు ఇంకా సగమే లేచి ఉంటాయి, గోనెపట్టాల మీద సంపంగి, తులసి కుప్పలు, తడి నేల, కూర్చుని మాల కట్టే ఆవిడ నోట్లోనే దారం కొరుకుతూ మీకు ధర చెప్తుంది. లోపల అడుగుపెట్టగానే హోరంతా ఎవరో తలుపు వేసినట్టు తగ్గిపోతుంది. ఊరికి పేరిచ్చింది ఈ దేవుడా, ఆ నాయకుడా అన్న వాదన పెట్టుకోవడానికి గుడి మెట్లే సరైన జాగా.

అక్కణ్ణించి గోవిందప్ప నాయకన్ వీధి, కొత్వాల్ చావడి, కన్యకాపరమేశ్వరి గుడి. కూరగాయల టోకు మార్కెట్ 1996లో కోయంబేడుకి పోయాక ఇక్కడ కాస్త ఊపిరాడుతోంది. తర్వాత టంకశాల వీధి, తమిళంలో తంగసాలై, ఇంగ్లీషులో మింట్ స్ట్రీట్. మా పిన్ని మొన్నటి నడకలో ఇక్కడే మాయమైంది, అరగంట వెతికాం. చూస్తే స్టీలు గిన్నెల కొట్లో కూర్చుని, మూతలు సరిగ్గా పడుతున్నాయో లేదో ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. మనుషులని లెక్కపెట్టుకుంటూ నడవండి.

కోటలోకి వెళ్ళనిస్తారా?

వెళ్ళనిస్తారు. అసెంబ్లీ, సెక్రటేరియట్, సైన్యం అన్నీ లోపలే ఉన్నాయి కాబట్టి ఆధార్ పట్టుకెళ్ళండి, సంచులు తక్కువ తీసుకెళ్ళండి. మ్యూజియంకి శుక్రవారం సెలవు. సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది, ఇండియాలో మిగిలిన ఆంగ్లికన్ చర్చిల్లో అన్నిటికంటే పాతది. క్లైవ్ పెళ్ళి జరిగింది అక్కడే, యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలిహు యేల్ పెళ్ళీ అక్కడే. నేల మీద పరిచిన రాళ్ళు సమాధి పలకలు, పిల్లలకి చెప్పండి, భయపడకుండా చదువుతారు.

పెద్దవాళ్ళు నడవగలరా? ఎండా వానా సంగతేంటి?

ఆగస్టు ఉక్కపోత. వాన సాధారణంగా సాయంత్రానికి పడుతుంది, పొద్దున నడకలకి అందుకే గిరాకీ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని జార్జ్‌టౌన్ తిప్పకండి, ఉపన్యాసాలకో ఎగ్మూరు మ్యూజియంకో తీసుకెళ్ళండి. బాత్రూమ్ సంగతి నిజాయితీగా చెప్పాలంటే దారుణం. మెట్రో స్టేషన్‌లోనే కానిచ్చుకుని బయటికి రండి.

తమిళం రాదు. ఏమైనా అర్థమవుతుందా?

చాలా నడకలు ఇంగ్లీషులోనే, కొన్ని తమిళంలో. తెలుగులో నడక పెట్టేవాళ్ళు అరుదు. ఊరికి పట్టా రాసిచ్చినవాళ్ళ భాషలో ఒక్క నడక లేదంటే నాకైతే కాస్త రోషమే. అయితే తప్పు ఎవరిదంటే, పెట్టని మనదే. సౌకార్‌పేట, పురసవాక్కం, కొరుక్కుపేట పాత కొట్లలో తెలుగులో అడిగి చూడండి, గల్లాపెట్టె వెనకున్న పెద్దాయన చాలాసార్లు తెలుగులోనే జవాబిస్తాడు. అది మద్రాసు తెలుగు, "చెప్తా ఉండా" టైపు. నవ్వారో, ధర తగ్గించడు.

ఏం తినాలి?

నడక చివర టంకశాల వీధిలో మార్వాడీవాళ్ళ కచోరీ, మురుకు శాండ్‌విచ్. లేదంటే ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో నెయ్యి కారిపోయే పొడి ఇడ్లీ. సాయంత్రమైతే బీచ్ స్టేషన్ దగ్గర బండి మీద అత్తో. బర్మా నుంచి వెనక్కొచ్చినవాళ్ళు తెచ్చిన నూడుల్స్ అది, మీద వేయించిన ఉల్లిపాయ, పక్కన అరటిదూట సూప్. నెల్లూరు పెద్దమ్మ మొదటి ముద్దకి మొహం చిట్లించింది, రెండో ప్లేటు తనే చెప్పింది.

సినిమా స్టూడియోలు చూపిస్తారా?

వాహినీ ఏదని వడపళనిలో అడిగితే మాల్, ఆస్పత్రి చూపిస్తారు. మనవాళ్ళ సినిమా, చందమామ అన్నీ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాయి, గోడలే మిగల్లేదు. ఎ.వి.ఎం. గేటు ముందున్న గ్లోబు దగ్గర ఫొటో దిగి వచ్చేయండి.

టికెట్ ఎంత?

చాలావాటికి ఏమీ ఉండదు. పేరు నమోదు మాత్రం ముందే చేసుకోవాలి, మంచి నడకలు తొందరగా నిండిపోతాయి.

మేమే ఏదైనా పెట్టాలంటే?

పెట్టండి, పర్మిషన్లు కావలసినంత పెద్దది వద్దు. మీ వీధి పేరు ఎవరిదో కనుక్కుని సాయంత్రం పదిమందికి చెప్పండి, అదీ మద్రాస్ డేనే. నేను ఈసారి తెలుగులో ఒక నడక పెడుతున్నా, చెన్నకేశవుడి గుడి నుంచి కన్యకాపరమేశ్వరి గుడి దాకా. పన్నెండుమందికి మించి తీసుకోను, పిన్ని ఉంది కాబట్టి.

400 ఏళ్ళ పండగ ఎప్పుడు?

2039లో. 2014లో 375వది బాగానే చేశారు, దీనికి ఊరు ఊగిపోతుందనుకుంటున్నా. క్యాలెండర్ చూస్తే ఆ ఆగస్టు 22 సోమవారం పడింది, సెలవు పెట్టుకోక తప్పదు. పెద్దమ్మకి చెప్తే వేళ్ళ మీద లెక్కేసి, "అప్పటికి నాకు ఎనభై ఎనిమిది రా, చక్రాల కుర్చీ పట్టే సందు ఏదో ఇప్పుడే చూసిపెట్టు" అంది. దేవరాజ మొదలి వీధిలో అయితే పట్టదు.